స్పేర్ డ్యూటీ

ఉద్యోగం పోయిన మనిషికి ముందుగా వంటబట్టే విద్య, కాలింగ్ బెల్ మోగగానే టీవీ గొంతు నొక్కెయ్యడం. తొమ్మిది నెలల్లో నాకు అది బాగా పట్టుబడింది. బెల్ మోగేది, రిమోట్ మీద వేలు పడేది, సోఫాలో ఊపిరి బిగపట్టి కూర్చునేవాణ్ణి. వచ్చినవాళ్లు రెండోసారి నొక్కి, కాసేపు చూసి, చెప్పుల చప్పుడుతో మెట్లు దిగిపోయేవారు. అప్పుడు మళ్లీ సౌండు పెట్టుకునేవాణ్ణి. నెలనెలా అద్దె కడుతున్న ఇంట్లో దొంగలా బతకడం ఎలాగో ఎవరికైనా నేర్పాలంటే నేను నేర్పగలను.

నా పేరు సూరి. మాది బొబ్బిలి దగ్గర పల్లె. పదహారేళ్లుగా సికింద్రాబాద్‌లో ఉంటున్నాం, అందులో తొమ్మిదేళ్లు మెట్టుగూడలో ఈ అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులోనే. ఒక సరుకు రవాణా కంపెనీలో ఏ లారీ ఎప్పుడు ఎటు వెళ్లాలో చూసే పని నాది. ఒక మంగళవారం పొద్దున మా పద్ధెనిమిది మందిని ఒకే గదిలోకి పిలిచి, ఇకమీదట ఆ పని కంప్యూటరే చేసుకుంటుందని చెప్పారు. చాలా మర్యాదగా చెప్పారు. టీ కూడా ఇచ్చారు. అందులో పంచదార తక్కువైంది.

ఈ సంగతి నా భార్య దేవికి తప్ప మెట్టుగూడలో ఎవరికీ తెలియకూడదని నేను ఇంట్లో శాసనం చేశాను. దేవి తార్నాకలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. పొద్దున ఎనిమిదికి వెళ్తే సాయంత్రం ఆరుకి వస్తుంది.

"ఎన్నాళ్లు దాస్తారండి? చెప్తే నలుగురూ నాలుగు చోట్ల చూస్తారు గదా," అనేది.

"చూసేది ఉద్యోగం కాదే, తమాషా," అనేవాణ్ణి. ఎవరడిగినా వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పేవాణ్ణి. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. హోమ్ ఉంది, వర్క్ లేదు.

చైత్ర పౌర్ణమికి రెండు రోజుల ముందు, పదిన్నర వేళ బెల్ మోగింది. అలవాటు ప్రకారం టీవీ నొక్కాను. రెండోసారి మోగింది. చెప్పుల చప్పుడు కోసం చెవి ఒగ్గాను. అది రాలేదు. దాని బదులు పేపరు తిరగేస్తున్న గరగర వినిపించింది. పావుగంట అయింది. అరగంట అయింది. నేను సోఫాలోంచి లేవలేదు. అప్పుడు వంటింట్లో పప్పుకి పెట్టిన కుక్కర్ పొడుగ్గా కూత పెట్టింది.

"సూరీ, బండి కూత పెట్టింది. లోపట మనిషి లేంది కుక్కర్ ఎట్ల కూస్తది? జెర తలుపు తియ్యి," అంది బయట గొంతు.

తీశాను. మెట్ల మీద పేపరు పరుచుకుని పర్వతాలు గారు కూర్చున్నారు. కింది అంతస్తులో ఉంటారు. డెబ్భై రెండేళ్లు. సికింద్రాబాద్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు క్రూ కంట్రోలర్‌గా చేశారు, అంటే ఏ డ్రైవరు ఏ రైలు ఎక్కాలో రాసే ఉద్యోగం. రిటైరై పన్నెండేళ్లయినా ఇంటి గడియారాన్ని ఇప్పటికీ స్టేషన్ గడియారంతో కలుపుకుంటారు.

"చాలాసేపయిందా అండి వచ్చి?" అన్నాను సిగ్గుపడుతూ.

"నలభై నిమిషాలు. రిటైరైనోణ్ణి, నాకేం తొందర," అని లోపలికి వచ్చి టీపాయ్ మీద ఒక పెద్ద చార్టు పరిచారు.

మా వీధి చివర, రైల్వే క్వార్టర్ల గోడ పక్కన చిన్న ఆంజనేయస్వామి గుడి ఉంది. పదిమంది కూర్చుంటే పదకొండోవాడు చెప్పుల పక్కన సర్దుకోవాలి. ఆ గుడిలో చైత్ర పౌర్ణమి నుంచి వైశాఖ బహుళ దశమి హనుమజ్జయంతి దాకా నలభై ఒక్క రోజులు రామనామం పెడుతున్నామని చెప్పారు.

"పొద్దుగాల ఆరింటికి షురూ, సాయంత్రం ఆరింటికి బంద్. నడుమ నామం తెగొద్దు. మనిషికి రెండు గంటల డ్యూటీ. ఈ యాడాది ఎవర్ని చూసినా మొకంల పరేషానే, సూరీ. ఎవ్వడు ఎవ్వనికి చెప్పుకోడు. ఒక్క తాన కూసుంటే సగం తక్లీఫ్ దిగుతదని పెట్టిన."

"నాకు పాట రాదండి బాబూ."

"పాట ఎవనికొస్తది? ఇది నామం. రామ రామ జయ రామ. మూడు ముక్కలు సుత రావా?"

"దేవుడంటే కూడా నాకు అంత నమ్మకం లేదండి."

"రైలెక్కెటోడు ఇంజన్ని నమ్మి ఎక్కుతడా ఏంది? ఎక్కి కూసుంటడు. అది తీస్కపోతది."

ఇక చివరి అస్త్రం తీశాను. "నాది వర్క్ ఫ్రమ్ హోమ్ అండి. ఎప్పుడు కాల్ వస్తాదో తెలీదు. టైమంటే చెప్పలేను."

పర్వతాలు గారు నన్ను ఒక క్షణం చూశారు. టీవీ వైపు చూశారు. బొమ్మ ఆడుతోంది, మాట లేదు. జేబులోంచి పెన్ను తీసి చార్టు అడుగున నా పేరు రాశారు.

"అయితే స్పేర్ల వేసిన."

"స్పేరంటే ఏటండి?"

"ఏ బండికీ పేరు రాయని డ్రైవర్. ఇంట్ల పండుకోడు, డ్యూటీ మీదనే ఉంటడు. డ్రెస్సేస్కొని తయారుగ కూసుంటడు. ఎవనికన్న జరమొస్తే, ఎవడన్న రాకుంటే, గప్పుడు పిలుపొస్తది. పని లేనోడు వేరే, స్పేర్ వేరే. స్పేర్ లేకుంటే ఒక్క బండి సుత టైముకు నడువది."

ఆయన చార్టు చుట్టుకుని వెళ్లిపోయాక, అది పరిచిన టీపాయ్ వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. తొమ్మిది నెలల్లో నా పేరు ఎవరైనా ఒక పట్టీలో రాయడం అదే మొదలు. కళ్లు చెమర్చాయి. అందుకు నామీద నాకే కోపం వచ్చింది. ఆ కోపంలో పప్పు మాడిపోయింది.

గుడిలో పర్వతాలు గారిది అచ్చంగా రైల్వే రాజ్యం. వచ్చినవాడు ముందు రిజిస్టర్లో టైము వేసి సంతకం పెట్టాలి. తాళాల జత నేల మీద పెట్టకూడదు. వాయిస్తూనే ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి మారాలి. రిలీవర్ రానిదే ఉన్నవాడు లేవకూడదు. డ్యూటీ చేసి దిగినవాడికి పదహారు గంటల రెస్టు ఇచ్చి తీరాలి. అన్నిటికన్నా పెద్ద రూలు మైకు గురించి. గుడి ఎదురు వరసలో యేసురాజు అని ఒకాయన వ్యాన్లు నడుపుతాడు. రాత్రంతా ఆఫీసుల స్టాఫుని తిప్పి పగలు నిద్రపోతాడు. మొదటి రోజే ఎర్రటి కళ్లతో వచ్చి, పర్వతాలు గారితో గొడవపడి, సౌండు నాబ్ పక్కన చాక్‌పీసుతో ఒక గీత గీసి వెళ్లాడు. అది దాటితే బాగుండదన్నాడు.

కాంతమణి గారని రిటైర్డ్ టీచరమ్మ ఉండేది. నియమాల విషయంలో ఆవిడ ముందు పర్వతాలు గారు కూడా అప్రెంటిసే. నా మొదటి రోజున పక్కన కూర్చుని, "రామలో దీర్ఘం మింగెయ్యకు నాయనా, ఆయన పేరు ఆయనకి పూర్తిగా ఇవ్వు," అని దిద్దింది. గాజుల షాపు ఓంప్రకాశ్ రాగం తీస్తే బజారులో గిరాకీని పిలిచినట్టుండేది. పర్వతాలు గారి భార్య విమలమ్మ గారు మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోలేరు. కుర్చీలో కూర్చుని అందరికీ మజ్జిగ అందించేవారు.

స్పేర్ అన్న పేరే గాని, రోజూ మధ్యాహ్నం నాకే పిలుపు వచ్చేది. ఆ ఎండల్లో రెండు నుంచి నాలుగు దాకా కూర్చునే మొనగాడు ఇంకెవడున్నాడు? వీధి అంతా తలుపులేసుకుని కూలర్లు పెట్టుకుని పడుకునేది. గుడిలో నేనూ, ఆంజనేయుడూ, తిరిగే ఫ్యానూ. మొదట్లో తాళం వేస్తూ గడియారం చూసేవాణ్ణి. తర్వాత లారీల లెక్కలు మనసులో తిరిగేవి. ఇరవయ్యో రోజు ప్రాంతంలో ఒక మధ్యాహ్నం, ఎందుకో తెలియదు, ఓ పది నిమిషాలు ఏమీ తిరగలేదు. నామం నా నోట్లోంచి వస్తోందని కూడా తెలియలేదు. ఆ పది నిమిషాలు నేను ఉద్యోగం లేనివాణ్ణి కాను, ఉన్నవాణ్ణీ కాను. ఊరికే ఉన్నాను. హాయిగా ఉంది. ఇంటికొచ్చి దేవికి చెబితే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "వడదెబ్బ కాదు గదా," అంది గాని, ఆ రాత్రి తనే నా పంచె ఇస్త్రీ చేసింది.

ముప్ఫయ్యో రోజు పన్నెండు గంటలకి నా ఫోన్‌కి మెయిల్ వచ్చింది. మేడ్చల్ రోడ్డులో ఒక గోదాముల కంపెనీ. ఆ సాయంత్రం నాలుగున్నరకి వీడియోలో ఇంటర్వ్యూ. పది నెలల్లో ఇంటర్వ్యూ దాకా వచ్చింది అదొక్కటే. దేవికి ఫోన్ చేశాను.

"పర్వతాలు గారికి చెప్పీయండి, ఈ ఒక్కరోజుకి రాలేనని."

"ఎందుకని అడుగుతారు. ఇంటర్వ్యూ అంటే ఉద్యోగం లేదని నా నోటితో నేను చెప్పుకున్నట్టే గదే. నాలుక్కి ఓంప్రకాశ్ వచ్చి దింపీస్తాడు. అరగంట ఉంటాది. చాలు."

"మీ ఇష్టం. తరవాత నన్ను అనకండి," అని పెట్టేసింది.

పైన నీలం ఇంటర్వ్యూ చొక్కా, కింద పంచెతో రెండింటికి రిజిస్టర్లో సంతకం పెట్టి తాళాలు అందుకున్నాను. నామం మీద మనసుంటేగా? నోరు రామ అంటోంది, మనసు "మీ గురించి చెప్పండి" అంటోంది. మూడున్నరకి గుడి గేటు దగ్గర ఓంప్రకాశ్ కనిపించాడు. అరగంట ముందే వచ్చినందుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. అంతలో పర్వతాలు గారు ఎదురొచ్చి అతనితో ఏదో మాట్లాడారు. ఓంప్రకాశ్ చేతులు తిప్పాడు. పర్వతాలు గారు తల అడ్డంగా ఊపారు. తర్వాత నా వెనక గోడకున్న చార్టు దగ్గరికొచ్చి ఏదో కొట్టేసి, ఏదో రాసి, నా భుజం తట్టి, వెళ్లిపోయారు. ఇద్దరూ వెళ్లిపోయారు.

నాలుగైంది. ఎవరూ రాలేదు. నాలుగూ ఐదుకి తాళం ఆపకుండా నడుం తిప్పి చార్టు చూశాను. రైల్వే లెక్కలో పదహారంటే సాయంత్రం నాలుగు. పదహారు నుంచి పద్ధెనిమిది గడిలో ఓంప్రకాశ్ పేరు కొట్టేసి ఉంది. పక్కన ఎర్ర ఇంకుతో "రెస్టు పూర్తి కాలేదు" అని ఉంది. కింద "స్పేర్" అని ఉంది.

పొద్దున ఎవరో రాకపోతే ఓంప్రకాశే నాలుగు గంటలు కూర్చున్నాడట, ఆ సంగతి తర్వాత తెలిసింది. అతనికి పదహారు గంటల విశ్రాంతి కాలేదని పర్వతాలు గారు రూలు ప్రకారం ఇంటికి పంపేశారు. అతని స్థానంలో స్పేర్‌ని వేశారు. మెట్టుగూడ మొత్తానికి స్పేర్ ఒక్కడే. ఆ ఒక్కడూ అప్పటికే తాళం వాయిస్తున్నాడు. సూరిని సూరే వచ్చి దింపాలి.

నాలుగూ పది. చొక్కా జేబులో ఫోన్ ఉంది, రెండు చేతుల్లో తాళాలున్నాయి. పెట్టేసి పరిగెత్తితే ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. కానీ ముప్ఫై రోజులుగా నలభైమంది చేతులు మారుతూ వచ్చిన చప్పుడది. విమలమ్మ గారి మోకాళ్లున్నాయి అందులో, కాంతమణి గారి దీర్ఘాలున్నాయి. నా పది నిమిషాలు కూడా అందులోనే ఉన్నాయి. నా చేతిలో అది ఆగడం నాకిష్టం లేదు. ఇంటర్వ్యూ పోవడం అంతకన్నా ఇష్టం లేదు. ఏడుపొచ్చింది.

నామం చెప్పే నోటితో కేకేస్తే నామం తెగుతుంది. అప్పుడు తోచింది. కేకెయ్యడమెందుకు, పాడొచ్చుగా? మైకు ముందే ఉన్నాను. కాకపోతే యేసురాజు గీత దగ్గర పెట్టిన సౌండు కూలర్లని దాటి పోదు. కుడికాలు చాపి, బొటనవేలితో నాబ్ తిప్పాను. గీత దాటింది. ఇంకా తిప్పాను. ఇక తిరగనన్నదాకా తిప్పాను.

"రామ రామ జయ రామ, నాలుగు దాటెను రామ," అని ఎత్తుకున్నాను. నా గొంతు క్వార్టర్ల గోడకి తగిలి నాకే తిరిగొచ్చింది. "రామ రామ జయ రామ, రిలీవర్ రాలేదు రామ. రామ రామ జయ రామ, నాలుగున్నరకి ఇంటర్వ్యూ రామ."

అంతవరకే పాడదామనుకున్నాను. కానీ పది నెలలు మూత బిగించిన కుక్కర్ ఒక్క కూతతో ఊరుకుంటుందా? "రామ రామ జయ రామ, ఉద్యోగం పోయింది రామ. రామ రామ జయ రామ, అందరికీ దాచాను రామ. రామ రామ జయ రామ, బెల్ మోగితే భయమే రామ." తాళం మాత్రం తప్పలేదు. కళ్లల్లోంచి నీళ్లు కారి ఇంటర్వ్యూ చొక్కా కాలరు మీద పడుతున్నాయి. తుడుచుకునే వీల్లేదు.

వీధిలో ఒక కూలరు ఆగింది. ఇంకోటి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. అందరికన్నా ముందు వచ్చింది విమలమ్మ గారు. ఆ మోకాళ్లతో ఆ వేగం ఎలా వచ్చిందో ఆంజనేయుడికే తెలియాలి. కుర్చీ వైపు కూడా చూడకుండా నా పక్కన నేల మీద కూర్చుని చేతులు చాచారు.

"ఇటియ్యి బిడ్డా. నువ్వు ఉరుకు."

చప్పుడు ఆగకుండా తాళాలు చేతులు మారాయి. గేటు దగ్గర లుంగీలో ఓంప్రకాశ్, జడ సగం అల్లుకున్న కాంతమణి గారు, ఇంకో పదిమంది. చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చిన పర్వతాలు గారు చార్టు చూసి నుదురు కొట్టుకున్నారు.

"ముప్పయొక్క ఏండ్ల సర్వీసుల ఒక్క డ్రైవర్ని రెండు బండ్లకు రాయలే. ఇయ్యాల రాసిన. నన్ను సస్పెండ్ జెయ్యాలె," అన్నారు.

నాలుగూ ఇరవై తొమ్మిదికి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. నుదుట నిలువు బొట్టు తుడవడం మర్చిపోయాను. అటువైపు ముప్ఫై ఏళ్లు కూడా లేని కుర్రాడు. పలకరింపులయ్యాక నేను భయపడుతున్న ప్రశ్నే ముందు అడిగాడు.

"ఈ పది నెలల గ్యాప్‌లో ఏం చేశారండీ?"

"ఫ్రీలాన్స్ కన్సల్టింగ్" అనే జవాబు వారం కిందటే బట్టీ పట్టి పెట్టుకున్నాను. నోరు తెరిచాను. కిటికీలోంచి, ఎవరూ తగ్గించడం గుర్తులేని మైకులో, గాజుల బేరం గొంతు దూసుకొచ్చింది.

"రామ రామ జయ రామ, సూరికి నౌకరి ఇయ్యి రామ."

వెనకాల ఇరవై గొంతులు అందుకున్నాయి. కుర్రాడు హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు. "సర్, బయట పాడుతున్నది మీ పేరేనా?"

ఇక కన్సల్టింగ్ ఏం చెబుతాను? "అవునండి. ఈ పది నెలల్లో తొమ్మిది నెలలు ఇంట్లో దాక్కున్నాను. ఒక నెల స్పేర్ డ్యూటీ చేశాను," అని మొదలుపెట్టి అంతా చెప్పాను. సూరిని సూరే దింపాల్సిన చార్టు దగ్గర అతను పడీ పడీ నవ్వాడు. అక్కణ్ణుంచి లారీల గురించి, చార్టుల గురించి ముప్పావుగంట మాట్లాడుకున్నాం. చాలా రోజుల తర్వాత నాకు తెలిసిన పని గురించి నేను మాట్లాడాను. నాకు నేనే నచ్చాను.

ఆరింటికి గుడికి వెళ్లేసరికి ఆ రోజు నామం ముగిసింది. ఎవరూ ఇళ్లకి వెళ్లలేదు. నామం తెగిందా లేదా అన్న పంచాయితీ నడుస్తోంది. అందరూ కాంతమణి గారి వైపు చూశారు.

"ప్రతి వరసా రామతో మొదలైంది, రామతో ముగిసింది. మధ్యలో వాడి కష్టం ఉంది. కష్టం లేని నామం ఎవరిది గనక?" అని ఆవిడ తీర్పు చెప్పింది. "దీర్ఘాలు కూడా బాగా వచ్చాయి."

నేను తలొంచుకుని, "మీ అందరికీ అబద్ధం చెప్పానండి," అన్నాను.

"ఎవనికి చెప్పినవ్?" అన్నారు పర్వతాలు గారు. "వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్నోడు దినాం పదకొండు గంటలకు కూరగాయల బండి కాడ నిలబడి కొత్తిమీర కట్టకు పది నిమిషాలు లొల్లి పెట్టుకుంటడా? ఎప్పుడో ఎరుకైంది. నువ్వు చెప్పేదాంక మేమెట్ల అడుగుతం?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను ఇంటర్వ్యూలో ఉండగా ఇక్కడ ఇంకో సంగతి జరిగిందని విమలమ్మ గారు చెప్పారు. నా కోసం పాడటం అయ్యాక, సౌండు తగ్గించి, ఓంప్రకాశ్ అదే వరసలో తన షాపు ఖాళీ చెయ్యాల్సి వస్తోందని పాడాడట. కాంతమణి గారు కంటి ఆపరేషనంటే భయమని పాడిందట. ఆ రోజు నుంచి చివరి అరగంట అందుకే వదిలేశాం. కాంతమణి గారి ఆపరేషన్‌కి తోడెవరెళ్లాలో కూడా పర్వతాలు గారు చార్టు వేశారు, రెస్టు టైముతో సహా.

మర్నాడు పొద్దున గుడి గేటు దగ్గర యేసురాజు నిలబడి ఉన్నాడు. కళ్లు మామూలుకన్నా ఎర్రగా ఉన్నాయి.

"నా గీత దాటించింది నువ్వేనా అన్నా?"

"నేనే. క్షమించండి. బొటనవేలితో తిప్పానండి, అంచనా తెలీలేదు."

"మంచి నిద్రల ఉన్న. నీ గొంతు బుర్రల డ్రిల్లింగ్ వేసినట్లు దిగింది. కొడదామని లేచిన. అంతల లారీల పని చేసేటోణ్ణని పాడినవ్." అలా పాడినట్టు నాకు గుర్తులేదు. పాడే ఉంటాను. "నావి ఇరవై రెండు వ్యాన్లు. ఏది ఏడుందో నాకే ఎరుక లేదు. నిద్ర లేక సచ్చిపోతున్న. జీతం పెద్దగ ఇయ్యలేను గాని, నువ్వు వచ్చి చార్టు రాస్తే నేను రాత్రిపూట మనిషి లెక్క పండుకుంట. వస్తవా?"

తలూపాను. అతను గుడిలోకి తొంగిచూసి, నాబ్ పక్కన గీత చెరిపేసి, కాస్త పైన ఇంకోటి గీశాడు. "రాత్రి పండుకుంటే పగలు గింత సౌండు ఓర్చుకుంట," అన్నాడు.

సాయంత్రం దేవికి చెప్పాను. "ముందే చెప్పీస్తే పది నెలల కొత్తిమీర బేరాలు తప్పేవి గదా," అని, కొంగుతో మొహం కప్పుకుని నవ్విందో ఏడ్చిందో రెండూ చేసింది. గోదాముల కంపెనీ నుంచి వారం తర్వాత మెయిల్ వచ్చింది. నా పేరు హోల్డ్‌లో పెట్టారట. ఒకప్పుడైతే ఆ ముక్కకి రెండు రోజులు మంచం దిగేవాణ్ణి కాదు. వాళ్ల స్పేర్‌లో ఉన్నానన్నమాట అనుకుని, వ్యాన్ల చార్టు రాసుకోడానికి వెళ్లిపోయాను.

ముప్ఫై ఏడో రోజు పొద్దున ఆరు నుంచి ఎనిమిది డ్యూటీ చేసి దిగుతుంటే పర్వతాలు గారు చార్టు ముందు దిగులుగా నిలబడి ఉన్నారు.

"నువ్వు పర్మనెంట్ అయినవ్. స్పేర్ గడి ఖాళీ. ఇంక నాలుగు దినాలుంది. స్పేర్ లేకుండ బండ్లెట్ల నడుపుత?"

మా పై అంతస్తులోకి రెండు నెలల కిందట విజయేందర్ అని ఒకాయన కుటుంబంతో వచ్చాడు. మాదాపూర్‌లో ఏదో పెద్ద కంపెనీ అని చెప్పుకునేవాడు. మొన్నా నిన్నా పదకొండు గంటలకి నేను వ్యాన్ల పని మీద వీధిలోంచి పోతుంటే, కూరగాయల బండి దగ్గర నిలబడి కనిపించాడు. కొత్తిమీర కట్ట పట్టుకుని బేరమాడుతున్నాడు. నన్ను చూసి, "వర్క్ ఫ్రమ్ హోమ్," అన్నాడు, నేనేమీ అడగకుండానే.

"నాకు మధ్యాహ్నం దాకా టైమివ్వండి," అని చార్టు చుట్టి చంకలో పెట్టుకుని, యేసురాజుకి ఆలస్యమవుతుందని ఫోన్ చేసి, పదిన్నరకి మూడో అంతస్తు ఎక్కాను. తలుపు వెనక టీవీలో ఎవరో గట్టిగా వార్తలు చదువుతున్నారు. బెల్ నొక్కాను.

వార్తల గొంతు చటుక్కున ఆగిపోయింది.

నేను రెండోసారి నొక్కలేదు. మెట్ల మీద పేపరు పరుచుకుని కూర్చున్నాను.